హంతకుడి పేరు ముందే తెలిసిపోయాక

విజయవాడలో, మా సత్యనారాయణపురంలో ఇళ్ళ మధ్య నుంచే రైళ్ళు పోయే రోజులవి. ఇప్పుడా పట్టాలు లేవు. ఆ దారంతా బీఆర్టీఎస్ రోడ్డు అయింది. అప్పట్లో కట్టకి ఇవతల, రేకుల గదిలో ఒక అద్దె పుస్తకాల షాపు ఉండేది. పది రూపాయలు డిపాజిట్, పుస్తకానికి రోజుకి పావలా. అట్టలు ఊడిపోకుండా ప్రతి పుస్తకానికీ గోధుమరంగు కాగితం అంటించి, దాని మీద నంబరు వేసి ఉండేది. నాన్నకి డిటెక్టివ్ నవలలు, అమ్మకి వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చి పుస్తకాలైన నవలలు కావాలి. వెళ్ళి తెచ్చేది నేను. దారిలో నడుస్తూనే రెండు రకాలూ మొదలుపెట్టేదాన్ని.

1983లో, నా పదమూడో ఏట, అలా తెస్తున్న ఒక నవల తెరిస్తే మొదటి పేజీ పైన ఎవరో పెన్సిల్‌తో రాసి పెట్టారు: "హంతకుడు తోటమాలి."

ఏడుపొచ్చింది. వెనక్కి పరిగెత్తాను. షాపు బాబాయిగారు చూసి, "ఏం చెయ్యనమ్మా, ఎవడో పనిలేనోడు రాశాడు. రబ్బరుంది, చెరిపేసి ఇస్తాను" అన్నారు. "చదివేశాను కదా బాబాయిగారూ" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే వాడు ఎట్టా దొరుకుతాడో చూడు" అని పుస్తకం నా చేతిలోనే పెట్టారు.

చూశాను. తోటమాలి కనిపించిన ప్రతిచోటా ఆగాను. మొదటిసారి వచ్చినప్పుడు రచయిత అతని గురించి ఒక్క వాక్యమే రాశాడు. గులాబీలు, గొట్టం, తడిసిన మట్టి, చేతికి కట్టిన గుడ్డ, గేటు దగ్గర కుక్క, అన్నీ ఒకే వాక్యంలో వరసగా ఉన్నాయి. ఆ గుడ్డ మధ్యలో ఉంది. పేరు తెలియకుండా చదివే వాళ్ళకి గులాబీలు కనిపిస్తాయి, చివర్న ఉన్న కుక్క గుర్తుంటుంది, గుడ్డ జారిపోతుంది. నాకు గుడ్డే కనిపించింది. రచయిత నా కళ్ళముందే దాన్ని దాచాడని, దాచినా అబద్ధం మాత్రం ఆడలేదని ఆ రోజు తెలిసింది. ఇన్నేళ్ళుగా నవలలు రాస్తూ నేర్చుకున్నదాంట్లో సగం ఆ ఒక్క వాక్యంలోనే ఉంది.

డిటెక్టివ్ నవలల్ని తీసిపారేసేవాళ్ళు సాధారణంగా అనే మాట ఒకటుంది. అవి ఒకసారి చదివితే అయిపోతాయి, రహస్యం తెలిశాక మిగిలేది చెరుకుపిప్పి అని. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మా వీధిలో శ్రీరామనవమి పందిరి గుర్తొస్తుంది. సీత దొరుకుతుందని తెలియని వాళ్ళెవరైనా ఆ పందిట్లో ఉన్నారా? సుందరకాండ చెబుతుంటే, హనుమ లంకంతా వెతికి, ఎక్కడా కనిపించక, సీత ఇక లేదేమోనని నీరసపడే ఘట్టం దగ్గర మా అమ్మమ్మ పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకునేది. అరవై ఏళ్ళుగా ప్రతి ఏడూ విన్న కథ అది. వింటే భారతం వినాలి అన్నవాళ్ళకి యుద్ధంలో ఎవరు గెలుస్తారో తెలియక కాదు. జవాబు తెలిస్తే చచ్చిపోయే కథ ఏ రకానిదైనా చచ్చిన కథే. బతికే కథకి జవాబు ఒక మజిలీ మాత్రమే.

కారణాన్ని కథకుడు వెనక్కి నెట్టి, వింతని ముందు చూపించి, ఆఖరికి ముడి విప్పడం మనకి సీమ నుంచి ఓడలో రాలేదు. పదహారో శతాబ్దంలోనే పింగళి సూరన కళాపూర్ణోదయంలో ఆ పని చేశాడు. ఒకరి రూపంలో ఇంకొకరు తిరుగుతారు, ఎవరు ఎవరో చదివేవాడికి అంతు పట్టదు, ముందు జరిగినవాటికి కారణాలు ఎంతో తర్వాత బయటపడతాయి, ఆ పూర్వకథ చెప్పే పనిని ఆయన ఒక పసిపాప నోట పెట్టాడు. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడు మజిలీ మజిలీకీ ఒక కథ చెప్పి గోపాలుణ్ణి కాశీదాకా నడిపిస్తాడు. కథ కోసమే ఆ పిల్లవాడు నడుస్తాడు. వారపత్రికల్లో "సశేషం" అని వేసి పాఠకుణ్ణి వచ్చే గురువారం దాకా నడిపించిన మేమంతా మణిసిద్ధుడి శిష్యులమే. వందేళ్ళ కిందట బెంగాలీ నుంచి పాంచకడీ దే డిటెక్టివ్ నవలలు తెలుగులోకి వచ్చినప్పుడు, ఆ తర్వాత కొమ్మూరి సాంబశివరావు గారు డిటెక్టివ్ యుగంధర్‌నీ, అసిస్టెంట్ రాజునీ ఇంటింటికీ పరిచయం చేసినప్పుడు, మధుబాబు గారి షాడో కోసం కుర్రాళ్ళు అద్దె షాపుల ముందు వరస కట్టినప్పుడు, ఆ ఆకలి కొత్తది కాదు. వడ్డించిన విస్తరి కొత్తది, అంతే.

గుంటూరులో ఒక సాహిత్య సభ. పదిహేనేళ్ళయింది. నా పక్కన కూర్చున్న పెద్దాయన నన్ను పరిచయం చేస్తూ, "ఈమె కాలక్షేపం రచనలు చేస్తారు, సీరియస్ రచయిత్రి కాదు గానీ చెయ్యి తిరిగినావిడ" అన్నారు. మెచ్చుకోలుగానే అన్నారు. సభ చప్పట్లు కొట్టింది. ఇంటికొచ్చేదాకా ఆ మాట బస్సులో నా పక్క సీట్లో కూర్చుంది.

కాలక్షేపం. ఆ మాటకి ఈ గతి ఎప్పుడు పట్టిందో కానీ, మా తాతగారి నోట అది గౌరవమైన మాట. పురాణ కాలక్షేపం, హరికథా కాలక్షేపం అనేవారు. పగలంతా చేలో నడుం వంచినవాళ్ళు రాత్రి అరుగుల మీద కూర్చుని పొద్దుపోయేదాకా విని, లేచేటప్పుడు వచ్చినప్పటి కంటే కొంచెం పెద్దవాళ్ళయి లేవడం దానర్థం. కాలాన్ని చంపడం కాదు, కాలాన్ని మంచిగా గడపడం. ఇప్పుడు ఎవరైనా నన్ను కాలక్షేపం రచయిత్రి అంటే ఆ పాత అర్థంలోనే తీసుకుంటాను. అలా అనిపించుకునే అర్హత ఉందా లేదా అన్నదే నా బెంగ.

కానీ ఆ పెద్దాయన గీసిన గీత మీద నాకు ఇప్పటికీ అభ్యంతరం ఉంది. ఆ గీత రాసినదాన్ని చూసి గియ్యరు, రాసినవాళ్ళని చూసి గీస్తారు. మన విజయవాడలోనే ఉండి పాఠాలు చెప్పిన విశ్వనాథ సత్యనారాయణ గారు హాహాహూహూ రాశారు. గుర్రం తల ఉన్న గంధర్వుడు లండన్ నగరం మధ్యలో పడతాడు. ఆ ఊళ్ళో పండితులూ శాస్త్రజ్ఞులూ వాణ్ణి ఏం చెయ్యాలో తెలియక తలలు పట్టుకుంటారు. నా దృష్టిలో అది నిఖార్సయిన ఫాంటసీ, ఎంత గొప్పదంటే చదువుతున్నంతసేపూ ఆ గంధర్వుడికి మనం ఎలా కనిపిస్తామోనని బెరుకు కలుగుతుంది. కానీ దాన్ని ఎవరూ ఫాంటసీ అరలో పెట్టరు. తెలుగుకి మొదటి జ్ఞానపీఠం తెచ్చినాయన రాశారు కాబట్టి తాత్వికం అంటారు. అదే కథ పాకెట్ సైజులో, అట్ట మీద గుర్రం తల రంగుల్లో వేసి, పేరు లేని మనిషి రాసి ఉంటే?

పేరు లేని మనిషి అంటే దాసరి సుబ్రహ్మణ్యం గారు తప్ప నాకు ఇంకెవరూ గుర్తురారు. 1950ల నుంచి 1970ల చివరిదాకా చందమామలో తోకచుక్క, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం లాంటి సీరియల్స్ అన్నీ రాసింది ఆయన. బొమ్మలు వేసిన చిత్ర గారి పేరు బొమ్మ మూలన ఉండేది. రాసినాయన పేరు పత్రికలో ఉండేది కాదు. కొన్ని లక్షల మంది తెలుగు పిల్లలకి అడవి అంటే ఏమిటో, భయమంటే ఏమిటో, స్నేహితుణ్ణి వదిలి రాకపోవడమంటే ఏమిటో నేర్పిన మనిషి పేరు ఆ పిల్లలు పెద్దవాళ్ళయి, తలలు నెరిశాక తెలుసుకున్నారు. నేనూ అంతే. ఆయన చివరి రోజులు మా విజయవాడలోనే గడిచాయి. 2010 జనవరిలో పోయారు. నాలుగు వీధుల అవతల ఉన్న మనిషికి ఒక్కసారి వెళ్ళి దణ్ణం పెట్టుకోలేకపోయాను. ఇప్పుడు ఎవరైనా "పిల్లల కథలే కదా" అంటే నేను ఊరుకోను. ఒక తరానికి వాక్యం ఎలా నడుస్తుందో నేర్పినదాన్ని "ఏ కదా" అనకూడదు.

అలాగని మా వీధిలోవన్నీ ముత్యాలని వాదించను. 1980ల్లో వారపత్రికల నిండా చేతబడులూ, నిమ్మకాయలూ, శ్మశానాలూ నిండిపోయాయి. క్షుద్ర సాహిత్యం అన్న పేరు అప్పుడే పడింది. రంగనాయకమ్మ గారు ఆ ధోరణి మీద విరుచుకుపడితే, అప్పటికి కుర్రదాన్నయిన నాకు కోపం వచ్చింది. రాత్రి దుప్పటి ముసుగులో నేను పడ్డ భయం అబద్ధమా అని. ఇప్పుడు ఆలోచిస్తే ఆవిడ అడిగిన ప్రశ్న సరైనదే. భయపెట్టు, కానీ పుస్తకం మూశాక పాఠకుడు పక్కింటి ముసలావిడని మంత్రగత్తె అని అనుమానించేలా భయపెట్టకు. అట్ట మీద ఆడమనిషి శవాన్ని అలంకారంగా వేసే నవలలూ మా వీధిలోవే. నా తొలి నవలల్లో రెండింటికి అలాంటి అట్టలే వేశారు. అట్ట నా చేతిలో లేదు. కానీ లోపల ఆ అమ్మాయి చచ్చిపోవడానికి తప్ప ఇంకెందుకూ కథలోకి రాలేదు. అది మాత్రం పూర్తిగా నా చేతిలో పని.

మొదట్లో నేను రాసినవి చదివితే ఇంకొకటి కూడా కనబడుతుంది. బంగళాలు, పియానోలు, లైబ్రరీ గదిలో చలిమంట. బెజవాడ ఎండల్లో పెరిగినదాన్ని చలిమంట రాశాను! ఆంగ్ల నవలల అనువాదాల నుంచి తెచ్చుకున్న సామాను అది. దాన్ని బయట పారేయడానికి నాకు పదేళ్ళు పట్టింది. మా చిన్నాన్న దస్తావేజు లేఖరి. ఆయన అరుగు మీద కూర్చున్న ఒక మధ్యాహ్నం అర్థమైంది, ఈ కృష్ణా తీరంలో మనుషులు ఎందుకు హత్యలు చేస్తారో ఆ అరుగు మీదే మొత్తం ఉందని. భూమి. అన్నదమ్ముల వాటా. ఆడపిల్ల సంతకం. ఈసీ, అంటే ఆస్తి మీది లావాదేవీల పత్రం, తీయిస్తే రిజిస్టరైన లావాదేవీలన్నీ కనిపిస్తాయి, రిజిస్టర్ చెయ్యని వీలునామా కనిపించదు. వీలునామాకి స్టాంపు పేపరు కూడా అక్కర్లేదు, తెల్లకాగితం మీద రాసి సంతకం చేసి, ఇద్దరు సాక్షులు కూడా సంతకాలు పెడితే చట్టం ముందు నిలుస్తుంది. ఒక బియ్యం డబ్బాలో అలాంటి కాగితం ఉందని ఇంట్లో ఒక్కరికే తెలిస్తే? 2014లో కృష్ణకి అవతల రాజధాని వస్తుందన్నాక, ఎకరం ధర వినడానికే చెవులు చాలని రోజుల్లో, ఆ కాగితం విలువ ఎంత? బంగళా, పియానో ఇంకెందుకు నాకు? అప్పటి నుంచి నా నవలల్లో పరిశోధించేది రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తాగా రిటైరైన ఒకావిడ. ఆమె దగ్గర తుపాకీ లేదు. నకళ్ళు రాసి రాసి కాగితం అబద్ధం చెప్పినప్పుడు పట్టుకునే చూపు ఉంది.

ఇలా రాయాలంటే తెలుసుకోవలసింది ఎక్కువ. 2024 జులై 1 నుంచి చట్టాలు మారాయి. మనం తరతరాలుగా "302 కేసు" అంటున్నది ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 103. శవ పంచనామా చేయించే 174 ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 194. అప్పటికి సగం రాసిన నవల నా బల్ల మీద ఉంది. ఊళ్ళో ముసలి పాత్ర ఇంకా 302 అనే అంటుంది, అనాలి కూడా. కుర్ర ఎస్సై 103 అంటాడు. ఆ తేడాలోనే వాళ్ళిద్దరి వయసూ కనబడుతుంది. సీరియస్ నవలలో సెక్షన్ తప్పయితే పాఠకుడు క్షమిస్తాడు. మా నవలలో ఒక్క తేదీ తప్పయినా గోడ మొత్తం కూలుతుంది. నేను పాఠకుడికి మాట ఇచ్చాను. నీకు కావలసినవన్నీ నీ ముందే పెడతాను, ఒక్కటీ దొంగతనంగా చివర్లో తీసుకురాను అని. హంతకుడు నవలలో మొదటి మూడోవంతులోనే కనిపించాలి, పలకాలి, పాఠకుడు అతన్ని ఇష్టపడే అవకాశం ఉండాలి. ఒకసారి ఒక వారపత్రిక నా సీరియల్‌కి ఆదరణ బాగుందని ఇంకో ఎనిమిది వారాలు సాగదీయమంది. సాగదీశాను, ఇరవయ్యో వారంలో కొత్త మనిషిని తెచ్చి నేరం వాడి మీద పెట్టాను. ఉత్తరాలు వచ్చాయి. ఒక ఉత్తరంలో ఒకే వాక్యం ఉంది: "ఇది న్యాయం కాదు." అది ఇప్పటికీ దాచుకున్నాను.

అన్నిటికంటే నన్ను మార్చినది మాత్రం ఒక జనవరి సాయంత్రం. మా విజయవాడ పుస్తకాల పండగ చాలా ఏళ్ళపాటు జనవరి 1న మొదలై పదకొండు రోజులు జరిగేది. అప్పట్లో స్వరాజ్ మైదానంలో జరిగేది, ఇప్పుడు అంబేడ్కర్ విగ్రహం ఉన్న చోటు. స్టాల్ ముందు నిలబడి ఉన్నాను. సత్తెనపల్లి దగ్గరి పల్లెటూరి నుంచి వచ్చిన ఒకావిడ, యాభై ఏళ్ళుంటాయి, నా నవల చేత్తో పట్టుకుని, "ఇది మీరు రాసిందేనా అమ్మా?" అంది. అవునన్నాను. ఆ నవలలో ఒకడికి కాఫీలో విషం కలుపుతారు. మూడో వాక్యంలో పడిపోతాడు, నాలుగో వాక్యంలో పరిశోధన మొదలవుతుంది.

"మీ పుస్తకంలో మనిషి తేలిగ్గా పోయాడమ్మా" అంది. "మా ఆయన అట్టా పోలా. పెద్దాసుపత్రిలో రెండ్రోజులు పట్టింది. పత్తికి కొట్టే మందు. ఆ వాసన ఇల్లు కడిగినా పోలా."

నాకు నోట మాట రాలేదు. అక్కా అని చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ ఏడవలేదు. కాసేపాగి అంది, "అయినా చివరిదాకా చదివా. మీ దాంట్లో ఎవరు చేశారో కనుక్కున్నారు కదా. మా ఇంట్లో పోయినప్పుడు ఎవరు చేశారని ఎవరూ అడగలా. అప్పులున్నాయి, పోయాడన్నారు. కాగితం రాసుకుని పోయారు."

ఆ మాట విన్నాక డిటెక్టివ్ నవల అంటే ఏమిటో నాకు కొత్తగా తెలిసింది. లోకంలో చావులు ఎక్కువ భాగం ఎవరూ అడక్కుండానే ముగిసిపోతాయి. ఒక కాగితం, ఒక వేలిముద్ర, అంతే. మా నవల ఒక్కటే మొండిగా కూర్చుంటుంది. ఒక మనిషి పోయాడు, ఎందుకు పోయాడు, ఎవరు కారణం, ఆ రోజు ఎవరెవరు ఎక్కడున్నారు, ఎవరు చూసీ చూడనట్టు ఊరుకున్నారు అని మూడొందల పేజీల పాటు ప్రతి గుమ్మం ముందూ నిలబడి అడుగుతుంది. జవాబు వచ్చేదాకా ఆ మనిషిని పాతిపెట్టనివ్వదు. చనిపోయినవాడు ఎంత చిన్నవాడైనా సరే, ఆ ఒక్కడి చావుకి లెక్క తేలాలి అంటుంది. ఇంత గౌరవం మనిషి ప్రాణానికి ఇచ్చే కథని చిన్నకథ అని ఎలా అంటారు? కానీ ఆ గౌరవం ఇవ్వాలంటే ముందు ఆ మనిషి మూడు వాక్యాల్లో పోకూడదు. అతనికి ఒక పేరు, ఇష్టమైన కూర, సగంలో ఆగిన పని ఉండాలి. పోయాక అతని చెప్పులు గుమ్మం దగ్గర కనిపించాలి. ఆ తర్వాత రాసిన ఏ నవలలోనూ నేను చిక్కుముడి కోసం మనిషిని చంపలేదు.

ఆవిడ ఫోన్ నంబరు తీసుకున్నాను. అప్పటి నుంచి పల్లెలో జరిగే ఏ నవలైనా అచ్చుకి ఇచ్చేముందు ఆవిడకి చదివి వినిపిస్తున్నాను. చదువుకున్నది ఏడో తరగతి. నేను చూసిన సంపాదకులెవరికీ అంత చెవి లేదు.

కిందటి నవల కూడా అలాగే రెండు రాత్రులు ఫోన్‌లో చదివాను. కథ మే నెలలో జరుగుతుంది. పత్తిచేని గట్టున హత్య. ఒక సాక్షి ఉన్నాడు, అందరికీ ఇష్టమైన మనిషి, నాకూ ఇష్టమే. సాయంత్రం ఆరున్నరకి గట్టు మీద పలానావాణ్ణి చూశానని, చొక్కా రంగుతో సహా చెబుతాడు. అతను నిజమే చెబుతున్నాడని నేను అనుకునే రాశాను. నవల మొత్తం ఆ సాక్ష్యం మీదే నిలబడింది.

చదవడం పూర్తయ్యాక ఆవిడ అంది, "అంతా బాగుందమ్మా. కానీ మే నెలలో చేలో పత్తి ఎక్కడుంటది? అప్పటికి కట్టె కూడా పీకేసి దున్నేస్తాం. పత్తి తీసే రోజుల్లో పెట్టుకో, కార్తీకంలో."

సరే అక్కా, మారుస్తానన్నాను. చిన్న సవరణే అనుకున్నాను. తెల్లవారి కూర్చుని మే ఉన్నచోటల్లా నవంబరు అని దిద్దుతూ పోయాను. కూలీలు పత్తి తీస్తున్నారు, వడగాలి పోయింది, మనుషులు సాయంత్రానికే తలకి తువ్వాలు చుట్టుకున్నారు. కథలో అది అమావాస్య ముందురోజు, దాన్ని అలాగే ఉంచాను. దిద్దుతూ దిద్దుతూ సాక్షి వాంగ్మూలం దగ్గరికొచ్చాను. సాయంత్రం ఆరున్నర. మే నెలలో అయితే మా వైపు అప్పుడే పొద్దు గుంకుతుంటుంది. నవంబరు మధ్యలో ఐదూ నలభై కూడా కాకముందే పొద్దు గుంకుతుంది. ఆరున్నరకి, వెన్నెల లేని రాత్రి, పత్తిచేని గట్టు మీద నిలబడ్డ మనిషి చొక్కా రంగు ఎవరికీ కనపడదు.

కలం పక్కన పెట్టి చాలాసేపు ఆ పేజీ వైపు చూస్తూ కూర్చున్నాను. అతను అబద్ధం ఆడుతున్నాడని నాకప్పుడే తెలిసింది.